ఆయన్ని వదిలేసి ముందుకెళ్ళినవాళ్ళు

ప్రశ్న: మహావీర చక్రం లాంటి పతకాలు అందుకున్న సైనికులకు యుద్ధంలో అసలు భయమే ఉండదా? అది పుట్టుకతో వచ్చే గుణమా?

భయం ఉంటుంది. 22 ఏళ్ళు ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో చేసి హవల్దారుగా రిటైరైన మా నాన్న చిన్నప్పటి నుంచీ నాకు ఇదే చెబుతూ వచ్చారు. నాకు భయం లేదు అనేవాణ్ణి పక్కన పెట్టుకుని రాత్రి డ్యూటీ చేయడమే అసలైన టెన్షన్ అంటారాయన.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. మిలిటరీ మాధవరం మాకు ఎంతో దూరం కాదు. తరతరాలుగా కొడుకుల్ని సైన్యానికి పంపుతున్న ఊరది. అందుకే సైనికుల ధైర్యం గురించి ఎవరు అడిగినా ఊరుకోలేను.

నాకు వెంటనే గుర్తొచ్చే పేరు మేజర్ పద్మపాణి ఆచార్య. హైదరాబాద్‌లో స్థిరపడిన ఒడియా కుటుంబం వాళ్ళది. తండ్రి వాయుసేనలో వింగ్ కమాండర్‌గా చేశారు. ఈయన రెండో రాజ్‌పుతానా రైఫిల్స్ బెటాలియన్‌లో కంపెనీ కమాండర్. 1999 జూన్ 28 రాత్రి కార్గిల్ యుద్ధంలో, ద్రాస్ దగ్గర లోన్ హిల్ మీద ప్రాణాలిచ్చారు. మరణానంతరం మహావీర చక్రం ప్రకటించారు. 2020లో గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు గారు మనవాళ్ళందరికీ తెలుసు, తెలియాలి కూడా. కానీ ఆచార్య గారి పేరెత్తితే హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్ళే ఎవరాయన అని అడుగుతారు. నాకు కడుపు తరుక్కుపోతుంది.

భయం సంగతి అడిగారు కదా, ఆయన ఆ జూన్ 19న తండ్రికి రాసిన ఉత్తరం చూడండి. ప్రాణనష్టం గురించి బెంగపెట్టుకోవద్దని, అది ఈ వృత్తిలో ఉన్నదేనని రాశారు. యుద్ధంలో పోరాడే అవకాశం జీవితానికే గౌరవమని అమ్మతో చెప్పమన్నారు. అప్పటికి భార్య కడుపుతో ఉన్నారు. ఆవిడకి రోజుకో భారత కథ చెప్పమన్నారు, పుట్టబోయే బిడ్డకి మంచి గుణాలు అబ్బాలని. అమ్మ కడుపులో ఉండగానే పద్మవ్యూహం సంగతి విన్న అభిమన్యుడి కథ మనలో తెలియనిదెవరికి? ఆ మాట దగ్గరకొచ్చేసరికి నాకు ఎప్పుడూ గొంతు పట్టేస్తుంది. భయం తెలియని మనిషి అలా రాయలేడు. రేపు నేను లేకపోతే నా బిడ్డకి ఎవరు చెబుతారు అని ఆలోచించినవాడే రాస్తాడు. ఆయన పోయాక కొన్ని నెలలకి పాప పుట్టింది.

2018 జూలైలో నాన్నని ద్రాస్ తీసుకెళ్ళాను. టోలోలింగ్ కొండ కిందే యుద్ధ స్మారకం ఉంటుంది, శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్ళే రోడ్డు పక్కన. కారు దిగగానే నాన్న స్మారకం వైపు చూడలేదు. వెనక్కి తిరిగి రోడ్డు వైపు, మళ్ళీ కొండ వైపు చూశారు. "పైన ఓపీ, అదే ఫిరంగులకి గురి చెప్పే పోస్టు పెట్టుకుని కూర్చుంటే ఈ రోడ్డు మీద ఏ లారీ కదిలినా గుండు వేయొచ్చురా" అన్నారు. ఆ శిఖరాల కోసం అంతమంది ఎందుకు చనిపోయారో నాకు అప్పుడు అర్థమైంది. అక్కడ శత్రువు కూర్చుని ఉంటే లడఖ్‌కి సరుకు వెళ్ళే ముఖ్యమైన దారి మూసుకుపోయినట్టే.

తర్వాత నా భుజానికి బ్యాగు తగిలించి, అదిగో ఆ స్తంభం దాకా పరుగెత్తు అన్నారు. మహా అయితే నలభై అడుగులుంటుంది. బ్యాగు పది కిలోలు కూడా ఉండదు. సగం దూరం వెళ్ళేసరికి చెవుల్లో గుయ్యిమని మోత, గొంతు ఎండిపోయింది, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాను. ద్రాస్ ఎత్తు 10,800 అడుగులే. యుద్ధం జరిగింది ఇంకా చాలా పైన. నాన్న మెల్లగా నడుచుకుంటూ వచ్చి, "ఇది పగలు. చదునైన నేల. పైనుంచి నీ మీద ఎవడూ కాల్చట్లేదు" అన్నారు.

1999లో ఆచార్య గారు దాడికి వెళ్ళిన ఆ రాత్రి పున్నమి. ఇక్కడ మాకు ఏరువాక పున్నమి. మా ఊళ్ళో ఎద్దుల్ని కడిగి, కొమ్ములకి పసుపు రాసి అరక కట్టిన రోజు రాత్రే, అక్కడ బోడి రాళ్ళ మీద వెన్నెల పట్టపగల్లా కాసింది. చాటుకి చెట్టు లేదు, పొద లేదు. దారిలో మందుపాతరలు, పైన మెషిన్‌గన్లు. ముందు వెళ్ళిన ప్లాటూన్, అంటే కంపెనీలో ఒక చిన్న జట్టు, దెబ్బతిని దాడి ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఆచార్య రిజర్వ్ ప్లాటూన్‌ని తీసుకుని నిటారుగా ఉన్న రాతి మీదుగా తనే ముందు నడిచారు. పాకుతూ బంకర్ల దాకా వెళ్ళి గ్రెనేడ్లు విసిరారు. అప్పటికే ఒంటినిండా గాయాలు, కదలలేని స్థితి. నన్ను వదిలేసి మీరు వెళ్ళి కొట్టండి అని ఆర్డరిచ్చి, పడున్న చోటు నుంచే కాల్పులు కొనసాగించారు. జవాన్లు ఆ స్థావరాన్ని పట్టుకున్నారు. ఆయన మిగల్లేదు.

అదే రాత్రి, అదే బెటాలియన్‌తో కలిసి పోరాడిన నాగాలాండ్ కుర్రాడు కెప్టెన్ కెంగురూసే మంచు పట్టిన రాతి మీద పట్టు దొరక్క బూట్లు విప్పేసి ఎక్కారు. జవాన్లు ఆయన్ని ప్రేమగా నింబూ సాబ్ అని పిలిచేవారట. ఆయనకీ మరణానంతరం మహావీర చక్రమే వచ్చింది. నేను చూసిన స్కూలు పుస్తకాల్లో ఈ రెండు పేర్లూ ఎందుకు లేవో నాకు అర్థం కాదు.

ఇదంతా నేను నాన్నకి చదివి వినిపిస్తుంటే ఆయన ఒకే ఒక్క మాట అడిగారు. "వదిలేసి వెళ్ళమన్నారు, సరే. వెళ్ళినోళ్ళ సంగతి ఆలోచించావా?"

నిజంగా అప్పటిదాకా ఆలోచించలేదు. కళ్ళముందు సాబ్ రక్తంలో పడున్నారు. చెయ్యి పట్టుకుని లాగితే బతుకుతారేమో. అయినా వెనక్కి తిరిగి చూడకుండా పైకి పాకాలి. నన్నడిగితే ఆ రాత్రి అన్నిటికంటే కష్టమైన పని అదే. పుట్టుకతో అలాంటి గుణం ఎవరికీ రాదు. నెలల తరబడి ఒకే పళ్ళెంలో తిని, ఒకే గుడారంలో పడుకుంటే, ఆయన మాట అంటే మాటే అనే నమ్మకం కుదిరితే వస్తుంది.

కోపంతో ఒక సంగతి కూడా చెబుతాను. నాన్న సర్వీసు గురించి మా చుట్టాల్లో ఒక్కరు కూడా ఏనాడూ అడిగింది లేదు. అడిగేదల్లా, "బావగారూ, ఈ నెల క్యాంటీన్ కోటా మందు బాటిల్ ఉందా?" అని. పండక్కి ఇంటికొచ్చిన ప్రతి మనిషిదీ అదే మాట. ఎక్కడైనా జవాను చనిపోయాడని వార్త వస్తే వాళ్ళావిడకి ఎంత ఇచ్చారట అని లెక్కలు. టీవీల్లో రెండ్రోజులు హోరెత్తిస్తారు, మూడో రోజుకి ఆ ఇంటి గుమ్మంలో ఎవరూ ఉండరు. పెన్షన్ కాగితం కోసం నాన్న ఒక ఆఫీసు చుట్టూ ఐదు నెలలు తిరిగారు. ప్రతిసారీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడల్స్ ఉన్న డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళేవారు, అవి చూస్తే త్వరగా చేస్తారేమోనని. ఎవరూ ఆ డబ్బా తెరిపించలేదు.

స్మారకంలో గోడ మీద అమరుల పేర్లుంటాయి. ద్రాస్ వెళ్ళిన ఆ రోజు నేను ఆచార్య గారి పేరు వెతుకుతుంటే నాన్న ఇంకో చివర మొదలుపెట్టారు. హవల్దార్, నాయక్, సిపాయి... ర్యాంకుతో సహా ఒక్కో పేరూ పైకి చదువుతున్నారు. డ్రైవరు వచ్చి, చీకటి పడితే జోజిలా కనుమ దాటడం కష్టమని రెండుసార్లు పిలిచాడు. నాన్న చెయ్యి ఎత్తి ఆగమన్నారు. వేలు పెట్టుకుని ఇంకో వరుసకి దిగారు.