చచ్చిన సాల్మన్ చేపల్ని వాగులోంచి ఎందుకు ఎత్తేయరు?

మీరు అడిగింది: సియాటిల్ దగ్గర అక్టోబరులో వాగుల నిండా సాల్మన్ చేపలు చచ్చి కుళ్ళుతుంటే ఎవరూ ఎందుకు తీసేయరు, నీళ్ళు పాడవవా అని.

నేను సియాటిల్ పక్కనున్న ఇసాక్వా ఊళ్ళో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు వాగు మీది వంతెన దగ్గర ముక్కుకి చీర చెంగు అడ్డం పెట్టుకుని సరిగ్గా ఇదే అడిగింది. నేను సైన్సు మొదలుపెట్టేలోపే, "చేపలు కడిగిన నీళ్ళు మనం కరివేపాకు చెట్టుకి పోస్తాం, అలాంటిదేనా?" అంది. అవును, అలాంటిదే.

చినూక్, కోహో, సాకై లాంటి పసిఫిక్ సాల్మన్ రకం ఏదైనా చిన్న పిల్లగా ఉన్నప్పుడే వాగు వదిలి సముద్రానికి పోతుంది. అక్కడ కొన్నేళ్ళు తిని తిరిగొచ్చేసరికి దాని ఒంటి బరువులో 95 శాతానికి పైగా సముద్రం తిండితో పట్టిందే. గుడ్లు పెట్టాక ఇక్కడే చస్తుంది. మన పులస కూడా గుడ్ల కోసం సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే చేపే, కానీ దానికి మళ్ళీ సముద్రానికి పోయే అవకాశం ఉంది, దీనికి లేదు. కాబట్టి సముద్రంలోని నత్రజని, భాస్వరం కొండ వాగుకి వచ్చి అక్కడే దిగిపోతాయి. ఈ వాగుల్లో నీళ్ళు అద్దంలా ఉంటాయి గానీ వాటిలో పోషకాలు చాలా తక్కువ, అందుకే ఆ సరుకుకి అంత విలువ.

మూడేళ్ళ క్రితం ఒక శనివారం వాలంటీర్‌గా వెళ్ళాను. హేచరీలో, అంటే చేప పిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రంలో, గుడ్లు తీసుకున్నాక మిగిలిన చచ్చిన చేపల్ని, ప్రభుత్వ అనుమతితోనే, పైనున్న వాగుల్లో వేసే పని. ఒక్కో చేపకీ తోక కోసి మరీ వేయాలి, లేకపోతే తర్వాత లెక్కపెట్టడానికి వచ్చేవాళ్ళు అది సొంతంగా ఈదుకుంటూ వచ్చిందనుకుంటారు. ఆ కంపు కారులోంచి పోవడానికి రెండు వారాలు పట్టింది, ఆ జాకెట్‌ని మా ఆవిడ ఇప్పటికీ ఇంట్లోకి రానివ్వదు. పది రోజుల తర్వాత మళ్ళీ వెళ్తే మేం వేసిన ఒక చేప కొమ్మకి చిక్కుకుని ఉంది, తోలు తెల్లగా ఉబ్బి, మీద దూదిలా బూజు. కర్రతో కాస్త కదిపితే అడుగున ఇసక రేణువులతో గూళ్ళు కట్టుకుని బతికే చిన్న పురుగులు బోలెడు రాలాయి. పక్కనే వేలంత కోహో పిల్లలు రెండు, ఊడిన మాంసం పోగుల్ని లాగి లాగి తింటున్నాయి.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ సంగతే. కోహో పిల్లలు మామూలుగా ఏడాది పైనే వాగులో ఉంటాయి, కాబట్టి చచ్చిన పెద్ద చేపల మాంసం, పెట్టిన గుంటలో నిలవక కొట్టుకొచ్చిన గుడ్లు చలికాలం ముందు వాటికి దొరికే బలమైన తిండి. చచ్చిన చేపలు వేసిన వాగుల్లో ఈ పిల్లలు బాగా ఒళ్ళు చేశాయని ఇదే వాషింగ్టన్ రాష్ట్రంలో 1990లలో చూశారు.

చచ్చిన సాల్మన్ ఒడ్డున చెట్లకీ ఎరువవుతుందన్న సంగతి మీరు వినే ఉంటారు. అలాస్కాలో ఎలుగుబంట్లు చేపని ఒడ్డుకి ఈడ్చుకెళ్ళి, కొవ్వున్న భాగాలు తిని మిగతాది అడవిలో వదిలేస్తాయి. సముద్రం నుంచి వచ్చిన నత్రజనిలో బరువైన రకం, అంటే నత్రజని-15, ఎక్కువ కాబట్టి ఆకుల్లో దాన్ని కొలిచి లెక్క కట్టొచ్చు. ఆగ్నేయ అలాస్కా వాగుల ఒడ్డు చెట్ల ఆకుల్లో 22 నుంచి 24 శాతం నత్రజని సాల్మన్ నుంచే వచ్చిందని 2001లో ఒక పరిశోధన చెప్పింది. ఇంకోటి సరదాగా ఉంటుంది: అలాస్కాలోనే హాన్సెన్ క్రీక్ అనే చిన్న వాగులో వాషింగ్టన్ యూనివర్సిటీవాళ్ళు చచ్చిన చేపల్ని లెక్కపెట్టినప్పుడల్లా అన్నిటినీ ఒకే ఒడ్డుకి విసిరారు, అదీ 20 ఏళ్ళపాటు, మొత్తం దాదాపు 6 లక్షల పౌండ్లు! ఆ ఒడ్డున స్ప్రూస్ చెట్ల పెరుగుదల వేగం పుంజుకుందని 2018లో ప్రచురించారు.

అలాగని ప్రతి వాగుకీ ఇది అమృతం అనుకోకండి. ఆడ చేప ఒక పక్కకి ఒరిగి తోకతో గులకరాళ్ళని కొట్టి గుంట తవ్వుతుంది, ఆ దెబ్బకి రాళ్ళకి పట్టిన నాచు, పురుగులు లేచి కొట్టుకుపోతాయి. చేపలు కిక్కిరిసిన చోట గుడ్లు పెట్టే వారాల్లో పురుగులు పెరగకపోగా తగ్గుతాయి. చెట్ల నీడ దట్టంగా ఉంటే ఎంత ఎరువున్నా నాచు పెరగదు. మా వైపు ఒడ్ల నిండా ఉండే ఆల్డర్ చెట్టు మన మినుము, పెసరల్లాగా గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుంది, అలాంటి చోట సాల్మన్ వాటా ఎంతో తేల్చడం కష్టం.

ఇక నీళ్ళు పాడవడం. వాగు పారుతూ, చల్లగా ఉన్నంతవరకు భయం లేదు. వానల్లేక నీళ్ళు అడుగంటి, చేపలు మరీ ఎక్కువైతే ఆక్సిజన్ తగ్గి గుడ్లు పెట్టకముందే చచ్చిన సందర్భాలు ఉన్నాయి, కానీ ఇక్కడ అసలు సమస్య చేపలు తక్కువవడం. 2000లో వేసిన లెక్క ప్రకారం ఈ ప్రాంతం నదులకి ఒకప్పుడు సాల్మన్ తెచ్చిన నత్రజని, భాస్వరాల్లో ఇప్పుడు చేరుతున్నది 6-7 శాతమే. దీనికి తోడు రోడ్ల మీది వాన నీరు. టైర్లు పగలకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలి తగిలి మారే పదార్థం కోహోని గంటల్లో చంపుతుందని 2020లో తేల్చారు. నగరంలోని ఒక వాగు దగ్గర, లెక్కపెట్టే ఆవిడ చచ్చిన ఆడ కోహో పొట్ట చీల్చి చూపించింది, లోపల శనగగింజల్లాంటి నారింజ రంగు గుడ్లు ఒక్కటి కూడా పోకుండా అలాగే ఉన్నాయి. అదీ చచ్చిన చేపే, వాగుకి ఎరువూ అందుతుంది, కాకపోతే దాని పిల్లలు రావు.

చూడ్డానికి వస్తే చచ్చినదైనా సరే ముట్టుకోకండి, నీళ్ళలోకి దిగకండి, గుడ్లు గులకరాళ్ళ కిందే ఉంటాయి. కుక్క ఉంటే తాడు వదలకండి. ఇక్కడి పచ్చి సాల్మన్‌లో ఉండే ఒక పరాన్నజీవి మోసే బాక్టీరియాతో కుక్కలకి ప్రాణాంతకమైన జబ్బు వస్తుంది. పొరపాటున తింటే వాంతుల కోసం ఆగకుండా వెంటనే వెటర్నరీ డాక్టరుకి ఫోన్ చేయండి.