అంకి సింక్ సర్వర్‌ను కంటైనర్‌లో సొంతంగా నడుపుకోవడం కష్టమా?

అంకి అంటే కార్డులతో విషయాలు గుర్తుపెట్టుకునే యాప్. ఆ కార్డులను ఫోన్, కంప్యూటర్ల మధ్య సింక్ చేసే అంకివెబ్ ఉచితంగా ఉండగా సొంత సర్వర్ అవసరమా, దాన్ని కంటైనర్‌లో, అంటే ప్రోగ్రామ్‌ను మిగతా సిస్టమ్‌కి విడిగా నడిపే డాకర్ లాంటి పెట్టెలో, పెట్టడం కష్టమా అని అడిగారు. పెట్టడం అస్సలు కష్టం కాదు. కానీ సరిగ్గా పెట్టామో లేదో తెలిసేది కొన్ని నెలల తర్వాత, ఇమేజ్ (కంటైనర్‌ను తయారుచేసే మూస) అప్‌డేట్ చేసిన రోజున.

2.1.57 వెర్షన్ నుంచి సింక్ సర్వర్ అంకితో పాటే వస్తోంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఒక వేరియబుల్‌లో ఇచ్చి, 8080 పోర్ట్ తెరిచి, ఫోన్‌లో కస్టమ్ సింక్ సర్వర్ దగ్గర ఆ అడ్రస్ కొడితే సింక్ మొదలవుతుంది. నేను చదివిన గైడ్లన్నీ అక్కడితో ఆగిపోయాయి. డేటా ఏ ఫోల్డర్‌లో పడుతోందో చూసుకోమని ఒక్కరూ చెప్పలేదు. నా కోపమంతా దాని మీదే.

నేను జపనీస్ నేర్చుకుంటున్నాను. అంకి అంటే ఆ భాషలో కంఠస్థం చేయడమే. నాలుగు వేల పైచిలుకు కార్డులు, అన్నీ నా చేత్తో టైప్ చేసుకున్నవే. ఎవరో చేసిన డెక్ (కార్డుల కట్ట) దింపుకుని చదివితే మాట నోట్లో నిలవదని నా గట్టి నమ్మకం. మూడు నెలలు సర్వర్ చక్కగా నడిచింది. ఒక రాత్రి కొత్త ఇమేజ్ దింపి, కంటైనర్‌ను తీసేసే కంపోజ్ డౌన్, మళ్లీ సృష్టించే కంపోజ్ అప్ కమాండ్లు కొట్టాను. పదకొండు రోజులుగా తెరవని ల్యాప్‌టాప్‌లో ముందు సింక్ నొక్కాను. సర్వర్‌కు అప్‌లోడ్ చేయమని మాత్రమే అడిగింది, డౌన్‌లోడ్ మాటే లేదు. అవతల సర్వర్ ఖాళీగా ఉంటేనే అలా అడుగుతుంది. నాకు అప్పుడు తట్టలేదు, సరే అన్నాను. తర్వాత ఫోన్‌లో సింక్ చేస్తే, రెండు కలెక్షన్లూ (కార్డులన్నీ ఉండే ఫైళ్లు) కలవడం లేదు, ఫోన్‌లోది ఉంచాలా సర్వర్‌ది ఉంచాలా అంది. ఇప్పుడే అప్‌డేట్ చేశాను కదా, సర్వర్‌దే సరైనది అనుకుని అదే నొక్కాను. పొద్దున్నే పూర్తిచేసిన డెక్ పక్కన చదవాల్సినవి 612 అని ఎర్రగా, పచ్చగా అంకెలు కనబడ్డాయి. పదకొండు రోజుల చదువు పోయింది.

తర్వాత వెతికితే కారణం దొరికింది. వాల్యూమ్ (కంటైనర్ పోయినా డేటా మిగిలేలా బయట ఉంచే చోటు) తగిలించింది ఒక ఫోల్డర్‌కి, సర్వర్ రాస్తున్నది ఇంకో ఫోల్డర్‌లోకి. డేటా ఎక్కడ రాయాలో చెప్పే సింక్ బేస్ వేరియబుల్ ఇవ్వకపోతే సర్వర్ కంటైనర్‌లోని హోమ్ ఫోల్డర్‌లో దాక్కున్న డైరెక్టరీలో రాసుకుంటుంది. రీస్టార్ట్ చేస్తే ఆ డేటా అలాగే ఉంటుంది కాబట్టి మూడు నెలలు తప్పు బయటపడలేదు. డౌన్ కొట్టగానే కంటైనర్‌తో పాటు అదీ చెరిగిపోయింది. ఫోన్‌లోని అంకి యాప్ అంకిడ్రాయిడ్ తీసుకున్న ఆటోమేటిక్ బ్యాకప్ ఉండబట్టి తొమ్మిది రోజులవి తిరిగొచ్చాయి, రెండు రోజులవి రాలేదు.

కాబట్టి మొదటి సింక్ అవగానే హోస్ట్ మెషిన్‌లో, అంటే కంటైనర్ నడిచే కంప్యూటర్‌లో, వాల్యూమ్ ఫోల్డర్ తెరిచి కళ్లారా చూడండి. మీ యూజర్ పేరుతో ఫోల్డర్, అందులో కలెక్షన్ ఫైల్ ఉండాలి. ఆ వెంటనే, పోయేదేమీ లేనప్పుడే, కంటైనర్‌ను తీసేసి మళ్లీ సృష్టించి సింక్ చేయండి. అప్‌లోడ్ అడిగిందంటే వాల్యూమ్ తప్పు. ఇమేజ్‌కి లేటెస్ట్ అనే ట్యాగ్ వద్దు, వెర్షన్ నంబర్ రాయండి. ఆ సర్వర్ మాట్లాడేది ఎన్‌క్రిప్షన్ లేని మామూలు హెచ్‌టీటీపీ మాత్రమే కనుక పోర్ట్‌ను నేరుగా ఇంటర్నెట్‌కి తెరవొద్దు. వీపీఎన్ గానీ, హెచ్‌టీటీపీఎస్ ఎన్‌క్రిప్షన్ ఇచ్చే రివర్స్ ప్రాక్సీ (సర్వర్ ముందు నిలబడే మధ్యవర్తి ప్రోగ్రామ్) గానీ ముందు ఉండాలి.

సింక్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అనేవాళ్లను చూస్తే బాధేస్తుంది. సింక్ తప్పును కూడా అంతే శ్రద్ధగా అన్ని పరికరాలకూ చేరవేస్తుంది. కలెక్షన్ ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైల్, రాస్తుండగా కాపీ చేస్తే పాడవచ్చు, అందుకే కంటైనర్ ఆపి కాపీ చేసుకోండి. డెస్క్‌టాప్ అంకి తీసే ఆటోమేటిక్ బ్యాకప్‌లో ఆడియో, బొమ్మలు ఉండవు, మీడియా ఫోల్డర్‌ను విడిగా దాచుకోవాలి.

ఇక అవసరమా అంటే, చాలామందికి అంకివెబ్ సరిపోతుంది. నా కార్డుల ఫైల్ నా చేతిలో ఉండాలి, అందుకే ఇంత జరిగినా నేను సొంత సర్వరే నడుపుతున్నాను. ఫోన్ ఎప్పుడైనా రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే మాత్రం ఏదీ నొక్కకుండా క్యాన్సిల్ చేసి, ముందు ఫోన్‌లోని కలెక్షన్‌ను మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి పక్కన పెడతాను.