మినెసోటా చలికి కారులో ఏ ఇంజిన్ ఆయిల్ పోయించాలి?

మీరు డాలస్ నుంచి మినియాపొలిస్‌కి ఉద్యోగం మారి వచ్చారు. కారు 2015 కరోలా, ఆయిల్ మూత మీద 0డబ్ల్యూ-20 అని ఉంది. రూమ్మేటేమో "అది నీళ్లలా ఉంటుంది, ఈ చలికి ఇంజిన్ పాడైపోతుంది, 10డబ్ల్యూ-40 లాంటి చిక్కటిది పోయించు" అంటున్నాడు. పైగా కారు ఆరుబయటే ఉంటుంది, ఆఫీసు రెండు మైళ్లే. ఇదీ మీ ప్రశ్న. ముందే జవాబు చెప్పేస్తా: 0డబ్ల్యూ-20నే ఉంచండి. మీ రూమ్మేటు చెప్పిన పని నేను ఒకసారి చేసి చూశాను, ఆ కథ కూడా వినండి.

2017 శరదృతువులో నేనూ టెక్సస్ నుంచే మినియాపొలిస్ పక్కనున్న ఈగన్‌కి వచ్చాను. అప్పుడు నాది 2006 కరోలా, లక్షా నలభై వేల మైళ్లు తిరిగిన బండి. కొంచెం ఆయిల్ తాగేది. ఆ ఏడు వేసవిలో హ్యూస్టన్‌లో ఒక మెకానిక్ "పాత బండి కదా, కాస్త చిక్కటిది పోస్తే తాగడం తగ్గుతుంది" అని 10డబ్ల్యూ-40 పోశాడు. నాకూ సబబుగానే తోచింది. ఊళ్లో స్కూటరుకి 20డబ్ల్యూ-40 పోయించుకుని, వేళ్ల మధ్య జిగురుగా ఉంటేనే మంచి ఆయిల్ అనుకుంటూ పెరిగినవాణ్ని. హ్యూస్టన్ ఎండలో నిజంగానే తాగడం తగ్గింది కూడా. మెకానిక్‌ని తప్పుపట్టలేను, నేను మినెసోటా వెళ్తానని ఆయనకేం తెలుసు.

క్రిస్మస్ అయిన మర్నాడో, ఆ మర్నాడో, పొద్దున్న ఏడింటికి కారెక్కాను. ఫోనులో మైనస్ 12 ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 24 డిగ్రీల సెల్సియస్. తాళం తిప్పాను. రోజూ వచ్చే గిర్రుమనే చప్పుడు లేదు. ర్ర్ర్... ర్ర్... ర్... అంటూ, బలం లేని మనిషి రోకలి ఎత్తుతున్నట్టు ఒక్కో తిప్పుకీ ఆగి ఆగి తిరిగింది. నాలుగోసారికి అందుకుంది. అసలు భయం అప్పుడు పట్టుకుంది. డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ దీపం ఆరలేదు. మామూలుగా అది స్టార్ట్ కాగానే పోతుంది. ఆ రోజు ఆరు లెక్కపెట్టేదాకా వెలుగుతూనే ఉంది, ఇంజిన్ పైభాగం నుంచి టకటకమని చప్పుడు. అంతసేపూ పంపు కిందున్న ఆయిల్‌ని లాగలేక సతమతమవుతోందన్నమాట. లోహం మీద రాత్రి మిగిలిన పూత తప్ప పైన పార్టులకి కొత్త ఆయిల్ అందలేదు.

ఇలా ఎందుకవుతుందో మనవాళ్లకి విడిగా చెప్పక్కర్లేదు. డిసెంబరు పొద్దున్న తలకి రాసుకుందామని కొబ్బరినూనె సీసా తీస్తే లోపల తెల్లగా పేరుకుని ఉంటుంది, ఎండలో పెడితే గానీ దిగదు. ముడిచమురు నుంచి తీసిన మామూలు ఆయిల్‌లోనూ కొంత మైనం ఉంటుంది. చలికి అది స్ఫటికాలు కడుతుంది, ఆయిల్ కదలనని మొండికేస్తుంది. సింథటిక్ ఆయిల్‌లో ఆ మైనం దాదాపు ఉండదు, అందుకే మరింత చలిదాకా పారుతుంది.

ఇప్పుడు డబ్బా మీది అంకెలు. చాలామంది డబ్ల్యూ అంటే వెయిట్ అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. అది వింటర్. డబ్ల్యూకి ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా ప్రవర్తిస్తుందో చెబుతుంది, వెనకున్న అంకె ఇంజిన్ వేడెక్కాక, అంటే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. రెండూ వేర్వేరు పరీక్షలు. 0డబ్ల్యూ అని రాయాలంటే మైనస్ 35 సెల్సియస్ దగ్గర స్టార్టరు తిప్పగలిగేంత పలచగా ఉండాలి. 5డబ్ల్యూకి ఆ పరీక్ష మైనస్ 30 దగ్గర, 10డబ్ల్యూకి మైనస్ 25 దగ్గర, మన 20డబ్ల్యూ-40కి మైనస్ 15 దగ్గర. పంపు లాగగలదా అన్నది ఇంకో పరీక్ష, దాన్ని వీటికన్నా ఐదు డిగ్రీలు కిందికి దించి చేస్తారు.

ఆ రోజు మైనస్ 24. నా ఆయిల్ హద్దు మైనస్ 25. గీత మీద నిలబడ్డాను. పైగా ఆ లెక్కలన్నీ సీలు తీయని కొత్త ఆయిల్‌కి. నాది అప్పటికే ఐదు వేల మైళ్లు తిరిగి నల్లబడి, ఇంకాస్త చిక్కబడిన సరుకు.

మరి మీ రూమ్మేటు అన్న "నీళ్లలా" సంగతి? ఆ అనుమానం తీర్చుకోడానికి ఒక రాత్రి నేను రెండు ఖాళీ పచ్చడి సీసాల్లో, ఒకదాంట్లో మిగిలిన 10డబ్ల్యూ-40, ఇంకోదాంట్లో కొత్తగా కొన్న 0డబ్ల్యూ-30 పోసి బాల్కనీలో పెట్టాను. (మా ఆవిడ ఆ సీసాల్ని మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు, అది వేరే సంగతి.) పొద్దున్న మైనస్ 18 ఫారన్‌హీట్. రెండూ ఒకేసారి పక్కకి వంచాను. 10డబ్ల్యూ-40 ఉన్న సీసాలో కాసేపు ఏమీ కదల్లేదు, తర్వాత పాకం ముదిరిన బెల్లంలా ఒక ముద్దగా జారింది. రెండోది తేనెలా నెమ్మదిగా పారి మూత దాకా వచ్చింది. గమనించండి, సున్నా డబ్ల్యూ కూడా తేనెలా వచ్చింది, నీళ్లలా కాదు. అంత చలిలో ఏ ఇంజిన్ ఆయిలూ పలచన కాదు, చిక్కదనంలో తేడా అంతే. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో ఇంజిన్‌కి ఆయిల్ మరీ పలచనైపోయే ప్రమాదం లేదు, చిక్కగా ఉండి ఆలస్యంగా చేరే ప్రమాదమే ఉంది.

వెనక అంకె విషయంలో మాత్రం సొంత తెలివి వద్దు. అది ఇంజిన్ లోపలి సందుల్ని బట్టి తయారీదారు నిర్ణయించినది, దానికీ మినెసోటాకీ సంబంధం లేదు. మీ మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అని రాసి, అది దొరక్కపోతే 5డబ్ల్యూ-20 పోసుకోవచ్చు గానీ తర్వాతి ఆయిల్ మార్పులో మళ్లీ 0డబ్ల్యూ-20కి రమ్మని ఉంటుంది, తీసి చూడండి. నా 2006 బండికి మాన్యువల్‌లో ఉన్నది 5డబ్ల్యూ-30. వెనక 30ని అలాగే ఉంచి ముందు అంకెని సున్నాకి దించాను, 0డబ్ల్యూ-30 ఫుల్ సింథటిక్. ముందు అంకె తగ్గించడం వల్ల నాకే ఇబ్బందీ రాలేదు. ఆయిల్ తాగడం మళ్లీ కొంచెం పెరిగింది, నిజమే. పదిహేను రోజులకోసారి డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ) చూసి పోసుకునేవాణ్ని. ఎర్ర దీపం చూడ్డం కన్నా అది నయం.

ఆ 0డబ్ల్యూ-30కి అసలు పరీక్ష 2019 జనవరి 30న జరిగింది. పోలార్ వోర్టెక్స్ (ధ్రువం వైపు నుంచి దిగే గడ్డకట్టే చలిగాలి) అని టీవీలన్నీ హోరెత్తిన రోజులవి. మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారన్‌హీట్, ఆ రోజు పోస్టు కూడా రాలేదు. సెల్సియస్‌లో మైనస్ 33, అంటే 5డబ్ల్యూ స్టార్టింగ్ పరీక్ష హద్దు కూడా దాటింది. నా కరోలా ఆరుబయటే ఉంది. మూడోసారికి స్టార్ట్ అయింది, ఎర్ర దీపం రెండు సెకన్లలో ఆరింది. పక్కింటాయన టీవీల్లో చెప్పే విండ్ చిల్ (గాలి వీస్తే ఒంటికి ఎంత చలిగా తోస్తుందనే) లెక్క చూసి "మైనస్ 50లో నీ బండి ఎలా స్టార్టయిందయ్యా" అని ఆశ్చర్యపోయాడు. విండ్ చిల్ మన చర్మానికే గానీ ఇంజిన్‌కి కాదు. గాలి వల్ల కారు త్వరగా చల్లబడుతుందే తప్ప బయటి ఉష్ణోగ్రత కన్నా కిందికి దిగదు. ఆయిల్ ఎంచుకునేటప్పుడు అసలు ఉష్ణోగ్రతే చూసుకోండి.

ఆ రోజు స్టార్ట్ అయిన ఘనతంతా ఆయిల్‌ది కాదు, సగం కొత్త బ్యాటరీది. 2017లో ఆగి ఆగి తిరగడానికీ సగం కారణం నాలుగేళ్ల నాటి టెక్సస్ బ్యాటరీయే. బ్యాటరీని లోపల తినేసేది ఎండ, బయటపెట్టేది చలి. 0 ఫారన్‌హీట్‌కి వచ్చేసరికి బ్యాటరీ బలం సగానికి పైగా పడిపోతుంది, అప్పుడే ఇంజిన్ తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. ఆటో పార్టుల దుకాణాల్లో చాలాచోట్ల ఉచితంగా పరీక్షిస్తారు. మీదీ డాలస్ ఎండలో మూడు నాలుగేళ్లు కాగినదైతే ఆయిల్ కన్నా ముందు దాన్ని చూపించండి. కొత్తది కొంటే కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్ (చలిలో స్టార్టరుకి బ్యాటరీ ఇవ్వగల కరెంటు) అనే అంకె కారు అడిగినదానికన్నా తక్కువ ఉండకూడదు, కాస్త ఎక్కువున్నా మంచిదే.

ఆయిల్ మార్పించేటప్పుడు బిల్లు చదవండి. ఈ ఊరికి వచ్చాక ఒక చోట 0డబ్ల్యూ-20 అడిగిన మా స్నేహితుడికి డ్రమ్ములో ఉన్న 5డబ్ల్యూ-30 పోసి పంపారు, ఇంటికొచ్చి స్టిక్కరు చూసుకుంటే గానీ తెలియలేదు. నేనైతే డబ్బా కొనుక్కెళ్లి ఇస్తాను. మీ బండికి ఫిల్టరుతో కలిపి 4.4 క్వార్టులు (క్వార్టు అంటే లీటరుకి కాస్త తక్కువ) పడుతుంది, ఐదు క్వార్టుల డబ్బా ఒకటి చాలు. మొబిల్, కాస్ట్రాల్, పెన్‌జాయిల్ ఏదైనా ఫరవాలేదు, వెనక ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గుండ్రటి గుర్తులో నాణ్యత స్థాయి ఎస్‌పీ గానీ ఆ తర్వాత వచ్చిన ఎస్‌క్యూ గానీ ఉంటే సరే. బ్రాండు మీద గంటలకొద్దీ వాదించుకునే వాళ్లని దూరం నుంచి నమస్కారం పెట్టి వదిలేయండి.

ఇంకొకటి. మీ ఆఫీసు రెండు మైళ్లే అన్నారు. ఆ దూరానికి చలికాలంలో ఆయిల్ వేడెక్కదు. లోపల చేరిన తేమ, కాలని పెట్రోలు ఆవిరై పోవడానికి అవకాశం ఉండదు. జనవరిలో మూత తీస్తే అడుగున లేత గోధుమరంగులో, చిలికిన వెన్నలాంటిది కనిపించవచ్చు. నేను మొదటిసారి చూసి హెడ్ గాస్కెట్ (కూలెంట్, ఆయిల్ కలవకుండా ఇంజిన్‌లో ఉండే సీలు) పోయిందని వణికిపోయాను. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలుగా ఉండి, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గకుండా ఉంటే అది తేమే. వారానికోసారి అరగంట హైవే మీద తిప్పండి, పోతుంది. మైళ్లు తక్కువే తిరిగినా ఆయిల్‌ని ఆరునెలలకి మార్పించండి.

పొద్దున్న ఇరవై నిమిషాలు ఊరికే ఆన్‌లో ఉంచక్కర్లేదు. నిమిషం ఆగి, మొదటి పది నిమిషాలు ఎక్కువ రెయిజ్ చేయకుండా మెల్లగా పోతే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది. ఎవరి గ్యారేజీలోనైనా పెట్టుకుంటే తలుపు మూసి మాత్రం స్టార్ట్ చేయకండి, తలుపు తీసి ఉన్నా లోపల నడవనివ్వకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది. కెనడాలోని కాల్గరీలో మా బావమరిది కారు ముందు జాలీలోంచి వైరు వేలాడుతూ ఉంటుంది. ఇంజిన్‌ని ముందే వెచ్చబరిచే బ్లాక్ హీటర్‌ది అది. అక్కడ అపార్టుమెంటు పార్కింగుల్లో ప్లగ్గులే ఉంటాయి, టైమరు పెట్టి బయల్దేరడానికి మూడు గంటల ముందు ఆన్ అయ్యేలా చూసుకుంటాడు. మీ పార్కింగులో ప్లగ్గు ఉందేమో అడగండి. లేకపోతే 0డబ్ల్యూ-20, మంచి బ్యాటరీ ఉంటే మినియాపొలిస్‌లో గడిచిపోతుంది.

డాలస్ నుంచి వచ్చిన బండి కాబట్టి బానెట్ ఎలాగూ ఎత్తుతారు, అద్దం కడిగే నీళ్ల ట్యాంకు కూడా చూడండి. పురుగులు తుడవడానికి అక్కడ పోసే వేసవి ద్రవం మొదటి గట్టి చలికే గడ్డకడుతుంది. మైనస్ 20 ఫారన్‌హీట్ అని డబ్బా మీద రాసున్నది తెచ్చి, పాతదాన్ని అద్దం మీద కొట్టి ఖాళీ చేశాక పోయండి. నాకది ట్యాంకు పగిలాక తెలిసింది.