మీ ప్రాజెక్టు వెబ్‌సైట్ గురించి

అల్లుడూ,

మీ తెలుగు కీబోర్డు ప్రాజెక్టు సైటు వర్డ్‌ప్రెస్‌లో పెట్టాలా, మరో దారి చూడాలా అని అడిగావు. ముందు ఒకటి తేల్చుకోండి. అమీర్‌పేట రూములో కూర్చుని పనిచేసే మీ నలుగురిలో ఒకడు రేపు బెంగళూరులో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోతే, సైటు ఎవరు చూస్తారు? ఎవరొచ్చినా పట్టుకోగలిగేలా ఉండాలి. నేను చూసేది అదొక్కటే.

వర్డ్‌ప్రెస్ 2003 నుంచీ ఉంది, కోడు రానివాళ్ళు కూడా హాయిగా రాసుకోవచ్చు. కానీ దాని వెనక పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, డేటాబేస్, ప్లగిన్లనే అదనపు ముక్కలు ఉంటాయి. వాటిని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చెయ్యకపోతే హ్యాకర్లకి తలుపు తీసిపెట్టినట్టే. రోజూ కొత్త వార్తలు పెట్టేవాళ్ళకి ఆ చాకిరీ గిట్టుబాటవుతుంది. మీకున్నవి పట్టుమని పది పేజీలు.

అందుకని పేజీలన్నీ మార్క్‌డౌన్‌లో (మామూలు టెక్స్టులోనే చిన్న గుర్తులతో హెడింగులూ లిస్టులూ రాసే పద్ధతి) రాసి, కోడున్న గిట్ రిపోలోనే, అంటే కోడునీ దాని మార్పులనీ దాచే చోటే, డాక్స్ ఫోల్డరులో పెట్టండి. కోడు దాచే గిట్‌హబ్ సైటులోనే ఉన్న పేజెస్ అనే సేవ వాటిని జెకిల్ అనే పనిముట్టుతో తనే సైటుగా మార్చి చూపిస్తుంది. రిపో పబ్లిక్ అయితే పైసా ఖర్చు లేదు. సైటు సైజు మాత్రం 1 జీబీ దాటకూడదు, కాబట్టి ఇన్‌స్టాలర్ ఫైళ్ళు అందులో పడెయ్యకండి. వాటికి గిట్‌హబ్‌లోనే రిలీజెస్ అని డౌన్‌లోడ్ ఫైళ్ళు పెట్టే చోటు ఉంది.

కోడూ పేజీలూ ఒకేచోట ఉండాలని ఎందుకు పట్టుబడుతున్నానో చెప్తాను. ఎవరో కుర్రాడు సెట్టింగ్స్‌లో ‘లేఅవుట్’ అన్నదాన్ని ‘అక్షరాల అమరిక’ అని మార్చాడనుకో. అదే పుల్ రిక్వెస్టులో (తన మార్పుని కలుపుకోమని అతను పంపే అభ్యర్థన) ఇన్‌స్టాలేషన్ పేజీలోని ఆ వాక్యం కూడా మారాలి. మారలేదా, మెర్జ్ చెయ్యొద్దు, అంటే అసలు కోడులో కలపొద్దు. కరీంనగర్‌లో డీటీపీ చేసుకునే ఆయన పేజీలో చెప్పిన బటన్ కోసం స్క్రీనంతా వెతికి, దొరక్క, మీ కీబోర్డు తీసేస్తాడు. తీసేశానని మీకు చెప్పడు కూడా. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. అంత కష్టపడి రాసిన కోడు ఒక పాత వాక్యం వల్ల పోతుంది.

డొమైన్, అంటే సైటు అడ్రసు, సొంతంగా కొనుక్కోండి. రేపు గిట్‌హబ్ వదిలి అలాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌కి వెళ్ళినా డీఎన్‌ఎస్ (అడ్రసు ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పే సెట్టింగు) మారిస్తే సరిపోతుంది, జనం దగ్గరున్న అడ్రసు మారదు. డొమైన్ కొన్న ఖాతా లాగిన్ ఇద్దరి దగ్గరుండాలి. ఆటో రెన్యువల్ పెట్టి, కార్డు గడువు ఎప్పుడు తీరుతుందో రాసిపెట్టుకోండి.

థీమ్ ఎంచుకునేటప్పుడు ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ అని టైపు చేసి ఫోనులో చూడండి. ఇంగ్లీషుకి చేసిన థీముల్లో వరసల మధ్య ఎడం చాలక మన ఒత్తులు కింది వరసలోకి దిగిపోతాయి. లైన్ హైట్ 1.6 దాకా పెంచి చూడండి.

ఈ వారం ఇన్‌స్టాలేషన్ పేజీ ఒక్కటే రాసి పెట్టండి. ప్రాజెక్టుతో ఏ సంబంధమూ లేని మనిషికి ఫోనిచ్చి, అది చదివి కీబోర్డు పెట్టుకోమనండి. మధ్యలో సాయం చెయ్యకండి. ఎక్కడ ఆగిపోయాడో నాకు రాయి.

మీ మామయ్య