ఇంటిపేరు ఇచ్చారు, ఇల్లు ఇవ్వలేదు

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర ప్రైవేటు హైస్కూలు. మూడు నుంచి పది దాకా 320 మంది పిలకాయలు, 16 మంది టీచర్లం. నిరుడు పిలకాయల్ని పోటీపడే నాలుగు జట్లుగా విడదీసి హౌస్‌లు పెట్టి, రంగు టీషర్టులు కుట్టించి, పాయింట్ల బోర్డు తగిలించాం. దసరా దాకా ఉత్సాహంగానే ఉన్నారు. సంక్రాంతి సెలవులయ్యాక ఎల్లో హౌస్ వాళ్లు బోర్డు వైపు చూడటమే మానేశారు. అల్లరీ తగ్గలేదు. ఈ జూన్‌లో ఏం మార్చాలి?
- ఒక ఉపాధ్యాయిని

జవాబు: హౌస్ పద్ధతి ఇంగ్లండు బోర్డింగు స్కూళ్లలో పుట్టింది. అక్కడ హౌస్ అంటే పిల్లలు నిజంగా ఉండే ఇల్లే. మన నవోదయల్లో ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి హౌస్‌లకు బలం అక్కడినుంచే వస్తుంది. పిల్లలు అక్కడే ఉంటారు, హౌస్ మాస్టరుకు ఎవరు అన్నం సరిగా తినలేదో తెలుస్తుంది. పగటి బడికి వచ్చేసరికి ఇంటిపేరు మిగిలింది, ఇల్లు పోయింది. శనివారం టీషర్టుతో అది తిరిగి రాదు. బోర్డు సంగతి తర్వాత చూద్దాం.

80 మంది ఇల్లు కాదు, ఊరు. ఒక్కో హౌస్‌ను ఇరవై మంది చొప్పున నాలుగు గుంపులు చేయండి. ప్రతి గుంపులో మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఇద్దరు ముగ్గురు చొప్పున ఉండాలి. మొత్తం 16 గుంపులు, 16 మంది టీచర్లు: ఒక్కరికి ఒక్కటి. వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు, టైంటేబుల్లో రాసి మరీ కూర్చోబెట్టండి. రాయకపోతే మొదటి పరీక్షలకే ఆ సమయం సిలబస్ పాలవుతుంది. ఉపన్యాసాలు వద్దు, పని ఇవ్వండి: చిన్నవాళ్ల చేత పెద్దవాళ్లు చదివించడం, మొక్కలు, భోజనాల దగ్గర చేతులు కడిగే వరుస. నాలుగో తరగతి పిల్ల రెండు రోజులు రాకపోతే తొమ్మిదో తరగతి అక్క ‘ఏమైంది?’ అని అడిగే స్థితి వచ్చిందా, మీ హౌస్ నిలబడినట్టే.

పంపకంలో జాగ్రత్త. ప్రతి తరగతిలో ఆడపిల్లలకు ఒకటి, మగపిల్లలకు ఒకటి మార్కుల వరుసలో జాబితా రాయండి. మొదటి నలుగురిని 1, 2, 3, 4 హౌస్‌లకు, తర్వాతి నలుగురిని 4, 3, 2, 1గా వేయండి. ప్రతిసారీ ఒకటి నుంచే మొదలుపెడితే మొదటి హౌస్‌కు ఎప్పుడూ ముందున్నవాడే దక్కుతాడు. తర్వాత ఆటగాళ్లను, ఒకే బస్సు రూటు పిల్లలను సరిచూసుకోండి. ఒక రూటు వాళ్లంతా ఒకే హౌస్‌లో పడితే సాయంత్రం ప్రాక్టీసుకు ఆ హౌస్‌లో ఎవరూ మిగలరు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే హౌస్‌లో ఉండనివ్వండి. పీఈటీ సారు తన హౌస్‌కు తానే ఏరుకోవడం మాత్రం కుదరదు.

ఇక ఎల్లో హౌస్ దిగులు. మీ లెక్క జూన్ నుంచి ఏకబిగిన కూడుతూ పోయిందనుకుంటాను. జనవరికి 200 పాయింట్లు వెనకబడినవాడు ఎందుకు పరుగెత్తుతాడు? నెలనెలా లెక్క మూసేయండి. ఆ నెల మొదటి హౌస్‌కు 4, తర్వాత 3, 2, 1. ఏడాది చివర కూడేది వీటినే. ఆటల పోటీలు కూడా అవి జరిగిన నెలలోనే కలుస్తాయి కాబట్టి, పరుగుల వీరులున్న హౌస్ ఒక నెల మాత్రమే గెలుస్తుంది.

మంచి నడవడికకు హౌస్‌కు పాయింట్లు వేసేందుకు టీచరుకు వారానికి పది చీట్లు ఇవ్వండి, ఎక్కువా తక్కువా వద్దు. కోటా లేకపోతే ఒకాయన అక్షింతల్లా చల్లుతాడు, ఇంకొకాయన పిసినారితనం చూపిస్తాడు. చీటీ మీద కారణం రాసి, అప్పుడే పైకి చెప్పి ఇవ్వాలి. ‘మంచి అబ్బాయి’ అని కాదు, ‘పడిపోయిన నీళ్లు ఎవరూ చెప్పకుండా తుడిచావు’ అని. హాజరుకు పాయింట్లు వద్దు, జ్వరమొచ్చిన పిల్ల దోషి అవుతుంది.

కెప్టెన్‌గా తొమ్మిదో తరగతి వాళ్లను పెట్టండి. దసరా దాటితే పదో తరగతికి స్పెషల్ క్లాసులు తప్ప ఇంకేమీ కనిపించవు. టీషర్టు బదులు చిన్న బ్యాడ్జీ చాలు, తల్లిదండ్రులకు ఖర్చు తప్పుతుంది.

ప్రశ్న: మా వాడు ఏడో తరగతి, చిత్తూరులో చదువుతున్నాడు. ఆలస్యంగా వెళితే హౌస్‌కు 5 పాయింట్లు కోస్తారట. ‘నీవల్లే ఓడిపోయాం’ అని తోటివాళ్లు పక్కన కూర్చోనివ్వడం లేదు. బడికి పోనంటున్నాడు.
- ఒక తల్లి

జవాబు: మైనస్ పాయింట్లతో వచ్చే చిక్కే ఇది. తప్పు ఒకడిది, శిక్ష హౌస్ మొత్తానికి. ఆ కోపం తీర్చుకోవడానికి దొరికేది ఆ ఒక్కడే. కలపడానికి పెట్టిన హౌస్ వెలివేసే పంచాయితీ అవుతుంది. హెచ్‌ఎం గారిని కలిసి మూడు అడగండమ్మా: కోతలు ఆపాలి, ఆలస్యం సంగతి మీతో విడిగా మాట్లాడాలి, అసెంబ్లీలో పేరు చదవకూడదు. పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. మెత్తగా చెప్పినా విననప్పుడే ఆ మాట ఎత్తండి. ఆలస్యానికి అసలు కారణం ఆటోనా, నిద్రా అన్నది ఈలోగా ఇంట్లో తేల్చుకోండి. ఒకటి రెండు వారాలు వేళకు దింపగలిగితే బడిలో మీ మాటకు బరువు పెరుగుతుంది.

ప్రశ్న: హౌస్‌లకు ఏ పేర్లు పెట్టాలి? రంగులా, మహనీయులా?
- తిరుపతి పాఠకుడు

జవాబు: కేంద్రీయ విద్యాలయాల్లో శివాజీ, టాగోర్, అశోక, రామన్ పేర్లుంటాయి. మనదగ్గర నాయకుల పేర్లు పెడితే పెద్దల రాజకీయాలు పిల్లల గ్రౌండులోకి దిగుతాయి. ఏడుకొండల పేర్లు అందంగానే ఉంటాయి, కానీ ఏడింటిలో నాలుగింటిని ఏరి, మూడింటిని వదిలేయడానికి తిరుపతిలో ఎవరికి ధైర్యముంది? మన వైపు నదుల పేర్లు పెట్టుకోండి: స్వర్ణముఖి, కల్యాణి, నీవా, అరణియార్.