దాత వీర్యంతో పుట్టిన బిడ్డకు తాత పొలంలో వాటా ఉంటుందా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నాకు 31, మావారికి 38 ఏళ్లు. ఆయనకు వీర్యకణాలు అసలు లేవని రెండుసార్లు చేసిన పరీక్షలోనూ తేలింది. నెల్లూరులో డాక్టరు దాత వీర్యం మాట ఎత్తారు. బయటివాళ్లది ఎందుకు, మరిదిదైతే మన రక్తమే కదా అంటున్నారు అత్తగారు. అలా పుట్టిన బిడ్డకు మామగారి మాగాణిలో వాటా రాదని తోడికోడలు అంటోంది. ఏది నిజం?

జవాబు: మీ తోడికోడలి మాట తప్పమ్మా. సహాయక పునరుత్పత్తి సాంకేతికత (నియంత్రణ) చట్టం, 2021లోని 31వ సెక్షన్ ప్రకారం ఆ బిడ్డ మీ దంపతుల సొంత బిడ్డే. మీకు సహజంగా పుడితే ఏ హక్కులు ఉండేవో అన్నీ ఉంటాయి. దాతకు ఆ బిడ్డపై ఏ హక్కూ ఉండదు. మాగాణి పిత్రార్జితమైతే మీ బిడ్డకు, ఆడైనా మగైనా, పుట్టుకతోనే హక్కు వస్తుంది. మామగారి స్వార్జితమైతే మాత్రం ఏ మనవడికీ పుట్టుకతో హక్కు లేదు. అది మీ తోడికోడలి పిల్లలకూ వర్తిస్తుంది.

మరిది ఆలోచన మానుకోండి. దాతను పరీక్షించడం, వీర్యం సేకరించి నిల్వచేయడం రిజిస్టరైన వీర్య బ్యాంకే చేయాలని 27వ సెక్షన్ చెబుతోంది. ఇంట్లోవాళ్ల శాంపిల్ నేరుగా క్లినిక్‌కు ఇచ్చి గుట్టుగా కానిస్తే చట్టం ఇచ్చే రక్షణను చేజేతులా వదులుకున్నట్టే. రేపు అన్నదమ్ముల మధ్య పంపకాల గొడవ వస్తే నలిగేది బిడ్డ.

అన్నిటికన్నా ముఖ్యం సమ్మతి పత్రం. 22వ సెక్షన్ కింద రాతపూర్వక సమ్మతి లేకుండా క్లినిక్ చికిత్స చేయకూడదు. భార్యతో సంతకం పెట్టించి, ఊళ్లో లేని భర్త సంతకం తర్వాత చూద్దామంటే ఒప్పుకోవద్దు. ఖాళీ ఫారాలపై పెట్టవద్దు. దాత వీర్యం వాడుతున్నట్టు అందులో స్పష్టంగా ఉండాలి. పిండాన్ని గానీ వీర్యాన్ని గానీ గర్భాశయంలోకి పంపే క్షణం వరకు సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. ఆ పత్రాల నకళ్లు, బ్యాంకు బిల్లు, దాతకు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ లేవన్న రిపోర్టు మీ దగ్గరా దాచుకోండి. పెళ్లి రిజిస్టర్ కాకపోతే ముందు ఆ పని చేయించండి. జనన ధ్రువపత్రంలో తండ్రిగా మీవారి పేరే రాయించాలి.

క్లినిక్ రిజిస్ట్రేషన్ పత్రం అడిగి చూడండి. లెవెల్ 1 క్లినిక్‌లో ఐయూఐ (వీర్యాన్ని గర్భాశయంలోకి పంపడం) వరకే చేయాలి. ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యకణాలను శరీరం బయట కలపడం), ఇక్సీ (ఒక్క వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించడం) చేయాలంటే లెవెల్ 2 ఉండాలి. వయసు విషయంలో మీకు ఇబ్బంది లేదు. స్త్రీకి 50, పురుషుడికి 55 లోపు ఉండాలి.

దాత దాకా వెళ్లేముందు డాక్టరును ఒకటి అడగండి: కణాలు తయారే కావడం లేదా, లేక తయారై దారిలో అడ్డుపడుతున్నాయా? అడ్డంకే అయితే వృషణం నుంచి సూదితో కణాలు తీసి ఇక్సీ చేసే వీలుంటుంది. తయారీ లోపమైనా కొందరిలో సర్జరీతో కణాలు దొరుకుతాయి. ఇది తేలకుండా దాత ఫారంపై ఇద్దరూ సంతకం చేయకండి.