ఆ మార్జిన్ కత్తిరించకు

చిన్నీ,

పాత అమెరికన్ పత్రికలు కొని, వాటిలోని ప్రకటనల బొమ్మలకు ఫ్రేములు కట్టి అమ్ముతావట, అక్క ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత బొమ్మల మాట ఎత్తినదానివి నువ్వే. ఎంత సంతోషమేసిందో! కానీ అక్క పంపిన ఫోటోలో పేజీ అంచుకు సెలోటేపు కనిపించింది. ఏం పనే అది? దాని జిగురు కాగితంలోకి దిగి పసుపు మరక అవుతుంది. ఇప్పుడు పీకకు, చిరుగుతుంది.

తేమ వాసన వచ్చే పత్రిక కొనకు. ఎండ పడే గోడ వద్దు, లామినేషన్ అసలే వద్దు. ఫ్రేములో యాసిడ్ లేని అట్ట వాడు.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, కోఠీలో సైన్‌బోర్డులు రాసే మా గురువుగారు అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న ఒక పేజీ నాకిచ్చారు. అమెరికన్ చిత్రకారుడు జె.సి. లైయెండెకర్ వేసిన, 'ఆరో' (Arrow) అనే బ్రాండు చొక్కా కాలర్ల ప్రకటన. అప్పట్లో కాలరు చొక్కా నుంచి విడిగా ఉండేది. చొక్కా అదే ఉంచి కాలరు మార్చుకునేవాళ్లు. "తెలుపు ఎక్కడుందో చూపించు" అన్నారు గురువుగారు. వెతికితే నీలం, బూడిద, కాస్త పసుపు. కుంచె గీతలు పక్కపక్కన పెట్టి, కలపకుండా వదిలేశాడు. రెండడుగులు వెనక్కి జరిగితే గంజి పెట్టిన కాలరు మెరిసింది.

దాన్ని నేనేం చేశానో తెలుసా? ఫ్రేము చిన్నదని నాలుగు పక్కలా మార్జిన్ బ్లేడుతో కోసేశాను. మైదా జిగురుతో హార్డ్‌బోర్డుకు అంటించాను. రెండు వానాకాలాలకు ఉబ్బింది, పురుగు పట్టింది. ఊడదీయబోతే బొమ్మలోని మనిషి బుగ్గ, సగం కాలరు పొరలుగా లేచొచ్చాయి. గురువుగారు తిట్టలేదు. "ఇది ఏ సంవత్సరందిరా?" అని మాత్రం అడిగారు. పత్రిక పేరు, తేదీ ఆ మార్జిన్‌లోనే ఉన్నాయి. లైయెండెకర్ 1905 నుంచి 1931 దాకా ఆ కంపెనీకి బొమ్మలు వేశాడు. ఎందులోదని చెప్పను?

అందుకే, పత్రిక మొత్తంగా దొరికితే విడదీయకు, స్కాన్ చేసి ప్రింట్లు అమ్ము. 1920కి ముందు అచ్చయినవాటికి అమెరికాలో కాపీరైట్ గడువు తీరిపోయింది. 'ఆరో' అన్న పేరు మాత్రం ఇప్పటికీ ట్రేడ్‌మార్కే, నీ షాపుకు పెట్టకు. ముందే విడిపోయిన పేజీలకే ఫ్రేము కట్టు. జిగురు లేకుండా, మూలలకు కాగితపు జేబులు పెట్టి నిలుపు.

మీ ఫ్రీమాంట్ నుంచి స్టాక్‌టన్ ఎంతో దూరం కాదు. అక్కడి హ్యాగిన్ మ్యూజియంలో లైయెండెకర్ అసలు పెయింటింగులున్నాయి, బాబును కూడా తీసుకెళ్లు. సాటర్డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికకు 322 ముఖచిత్రాలు వేసిన మనిషి. 1951లో ఆయన పోయాక ఎన్నో స్కెచ్‌లు ఇంటి ముందు చవగ్గా అమ్ముడుపోయాయి. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదమ్మా.

నా పేజీలో మనిషి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, ఒళ్లో మడిచిన పేపరు ఉంది. ఎప్పుడైనా కనపడితే కొనకపోయినా ఫర్వాలేదు, కింది మార్జిన్ ఫోటో తీసి పంపు.

నీ మామయ్య